డెల్టా ఊళ్లలో బడికీ ఇంటికీ మధ్య మాట కలపడం ఎలా?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, కోనసీమలో ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఒక ఊరి బడిలో, ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడి తండ్రికి కబురు చేసి పిలిపించాను. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. ఉదయం పదకొండు గంటలకు, భుజాన తాడుతో, నడుముకు కత్తితో, సగం పూట పని వదులుకుని వచ్చి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను కూర్చోమనలేదు. మిగతా ఉపాధ్యాయుల ఎదుటే పిల్లవాడి లెక్కల మార్కులు, బడికి రాని రోజులు వరుసగా చదివి వినిపించాను. ఆయన "అలాగేనండి" అని వెళ్లిపోయారు. మర్నాటి నుంచి పిల్లవాడు రావడం మానేశాడు. ఐదో రోజు వాళ్లింటికి వెళితే, కొబ్బరికాయల రాశి దగ్గర తండ్రి పక్కన కూర్చుని కాయలు వలుస్తూ కనిపించాడు. వాళ్లమ్మగారు నాకు మంచినీళ్లు ఇచ్చి ఒకే మాట అడిగారు: "మావాడు ఏదైనా బాగా చేస్తాడాండీ మాస్టారూ?" ఎనిమిది నెలలుగా వాడికి పాఠం చెబుతున్న నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది.

తల్లిదండ్రులు బడికి రావడం లేదన్న మాట ప్రతి స్టాఫ్ రూములోనూ వినబడుతుంది. నా అనుభవంలో వాళ్లు రాకపోవడానికి పిల్లల చదువు మీద పట్టింపు లేకపోవడం చాలా అరుదైన కారణం. బడి నుంచి ఇంటికి వెళ్లే కబురు ఎప్పుడూ చెడ్డ కబురే కావడం, అది వాళ్లు పనిలో ఉన్న వేళకు రావడం, వాళ్లకు అర్థం కాని భాషలో ఉండడం అసలు కారణాలు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే. కింద చెప్పిన క్రమాన్ని ప్రాథమిక పాఠశాలలోనైనా, జిల్లా పరిషత్ హైస్కూల్లోనైనా, ఒక్క తరగతి ఉపాధ్యాయుడు పైనుంచి ఏ ఉత్తర్వూ రాకుండానే మొదలుపెట్టవచ్చు. అసలు ఇది అదనపు సేవ కూడా కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టంలోని 24వ సెక్షన్, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తెలియజేయడాన్ని ఉపాధ్యాయుల విధుల్లో ఒకటిగా చేర్చింది.

జూన్‌లోనే ఇంటి పుస్తకం తెరవండి

బడులు తెరిచిన మొదటి రెండు వారాల్లో రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, తరగతిలోని ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఒక పేజీ కేటాయించండి. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఆధార్ నంబరు, కులం, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి కాని, మనకు కావలసిన నాలుగు సంగతులు అందులో ఉండవు. ఇంట్లో పిల్లల బాగోగులు నిజంగా చూసేది ఎవరు, ఫోను ఎవరి చేతిలో ఏ వేళకు ఉంటుంది, ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేవారు ఎవరు, ఏ వేళలో మాట్లాడితే వాళ్ల పనికి అడ్డం రాదు అన్నవే ఆ నాలుగు.

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది స్త్రీలు ఇంటి పనుల కోసం కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఉన్నారు. అలాంటి ఇళ్లలో పిల్లలను అమ్మమ్మో, మామ్మో పెంచుతూ ఉంటుంది. రిజిస్టరులో తల్లి పేరు, తల్లి పాత నంబరు ఉంటాయి కాబట్టి మన కబురు ఎవరికీ అందదు. అమ్మమ్మగారి పేరు, ఆవిడ పక్కింటివాళ్ల నంబరు రాసుకోండి. విదేశంలో ఉన్న తల్లి నంబరు కూడా తప్పకుండా తీసుకోండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు, మస్కట్, దుబాయ్ గంటన్నర వెనక ఉంటాయి. మన రాత్రి తొమ్మిది గంటలకు కువైట్‌లో సాయంత్రం ఆరున్నరే కనుక, ఆ తల్లి అప్పటికి పనిలోనే ఉండవచ్చు. ఆవిడకు మాటల సందేశం (వాయిస్ మెసేజి) పంపి ఉంచితే వీలు చూసుకుని వింటుంది, ఒక్కోసారి రెండుమూడు సార్లు వింటుంది. పిల్ల గురించి బడి నుంచి ఏడాదిలో ఒక్క మంచి మాట అంత దూరం వెళ్లినా, అక్కడి నుంచి ఆ పిల్లకు వచ్చే ఫోను వేరుగా ఉంటుంది.

ఫోను నంబర్ల విషయానికి వస్తే, రీచార్జి అయిపోయి నంబరు మారడం కూలి ఇళ్లలో మామూలు. అందుచేత మూడు నెలలకొకసారి, పిల్లల చేత కాకుండా మీరే ఫోను చేసి, నంబరు పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఈ పుస్తకాన్ని బీరువాలో తాళం వేసి ఉంచండి. అందులో ఉన్నవి కుటుంబాల సొంత సంగతులు. అవి పిల్లల కంట పడకూడదు.

పేజీలో సగం ఖాళీగా వదలండి. ఆ సగం దేనికో తరవాత చెబుతాను.

ఊరి పని వేళలను ముందు పెట్టుకోండి

డెల్టాలో క్యాలెండరు రెండు పంటల చుట్టూ తిరుగుతుంది. కాలువలకు నీళ్లు వదిలింది మొదలు సార్వా (తొలి పంట) ఆకుమళ్లు, జులై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో మాసూళ్లు (కోతలు, నూర్పిళ్లు), ఆ వెంటనే దాళ్వా (రెండో పంట) ఊడ్పులు, ఏప్రిల్ ప్రాంతంలో దాళ్వా కోతలు. ఊడ్పుల్లోనూ కోతల్లోనూ కూలి ఇళ్లకు ఏడాది మొత్తంలో మంచి రాబడి ఉండే రోజులు వస్తాయి. ఆ రోజుల్లో ఉదయం పదిన్నరకు సమావేశం పెట్టి, వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టి నిట్టూర్చడం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకేసారి జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాలు మొదటిది 2024 డిసెంబరు 7న, రెండవది 2025 జులై 10న వచ్చాయి. డెల్టాలో ఒకటి మాసూళ్ల చివరి రోజులు, రెండవది ఆకుమళ్లు, ఊడ్పుల రోజులు. అలాంటి తేదీలను మనం మార్చలేము కాని, ఆ రోజు రాలేకపోయిన ఇళ్లను గుర్తుపెట్టుకుని వేరే వేళకు కలుసుకోవడం మాత్రం మన పని.

మన చేతిలో ఉన్న చిన్న సమావేశాలను సెప్టెంబరు చివర, మళ్లీ ఫిబ్రవరిలో పెట్టుకుంటే వరి ఊళ్లలో అందరికీ కాస్త తీరిక ఉంటుంది. కాని ఊరూరికీ పని వేరు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే తండ్రి రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతాడు. రొయ్యల ప్లాంటులో పనిచేసే తల్లిని తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కించుకుపోతుంది. నరసాపురం వైపు లేసు అల్లే తల్లులు ఇంటి దగ్గరే ఉంటారు కాని, సరుకు ఒప్పజెప్పవలసిన ముందు రోజు తలెత్తలేరు. సముద్రం పక్క పేటల్లో వేట నిషేధం నడిచే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకూ మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. మనకు ఆ రోజుల్లో ఎక్కువ భాగం వేసవి సెలవులే అయినా, ఏప్రిల్‌లో బడి మూసేముందు చివరి వారం ఆ తండ్రులను కలుసుకోవడానికి బాగా పనికొస్తుంది.

తల్లిదండ్రులనే అడిగి వేళ నిర్ణయించండి. నేను చివరగా పనిచేసిన బడిలో సమావేశాలు సాయంత్రం ఆరున్నరకు పెట్టాం. మొదటిసారి ఉపాధ్యాయుల్లో కొందరు బస్సు దొరకదని అభ్యంతరం చెప్పారు. అది నిజమైన ఇబ్బందే కాబట్టి, అందరం కాకుండా వంతులవారీగా ఇద్దరేసి ఉండాలని అనుకున్నాం. అంతకుముందు పగటి పూట సమావేశానికి ఎప్పుడూ రాని తండ్రులు ఆ సాయంత్రాలలో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చారు.

మొదటి మాట మంచి మాట కావాలి

ఈ మొత్తం క్రమంలో ఒక్కటే చేయగలిగిన ఓపిక మీకు ఉంటే, దీన్ని చేయండి. ఇంటి పుస్తకంలో ఖాళీగా వదిలిన సగం పేజీ దీనికోసమే. జులై నెలాఖరులోగా ప్రతి పిల్ల గురించీ, పిల్లవాడి గురించీ మీ కళ్లతో చూసిన ఒక మంచి సంగతి అందులో ఒక్క వాక్యంగా, తేదీతో రాయండి. "మంచి విద్యార్థి" అని రాస్తే లాభం లేదు. "భోజనం వేళ ఒకటో తరగతి పిల్లలను తనే వరుసలో నిలబెట్టి కంచాలు అందిస్తోంది", "పద్యం అప్పజెప్పలేడు కాని అర్థం అడిగితే సొంత మాటల్లో చెబుతాడు", "పంపు దగ్గర నీళ్లు వృథాగా పోతుంటే ఎవరూ చెప్పకుండా కట్టేశాడు" వంటి వాక్యాలు రాయాలి. నలభైమంది ఉన్న తరగతిలో రోజుకు ఇద్దరి చొప్పున నాలుగు వారాల్లోపే పూర్తవుతుంది. ఎవరి పేజీ దగ్గర మీ పెన్ను ఆగిపోతుందో, వారినే మీరు ఇంతవరకూ చూడలేదని అర్థం. మర్నాడు వారి పక్కన పావుగంట కూర్చోండి.

తరవాత ఆ వాక్యాన్ని ఇంటికి చేరవేయండి. ఫోను చేసి మొదటి మాటగానే, "కంగారు పడకండి, మంచి మాట చెబుదామనే చేశాను" అనండి. బడి నుంచి ఫోను అనగానే అవతలివారి గుండె ఝల్లుమంటుంది. పిల్లకు దెబ్బ తగిలిందేమో, ఎవరినైనా కొట్టిందేమో అనుకుంటారు. మంచి సంగతి చెప్పి, ఇంకేమీ కలపకుండా ఫోను పెట్టేయండి. "కాని లెక్కల్లో మాత్రం..." అని అప్పుడే తోక తగిలిస్తే ఆ ఫోను వృథా అయినట్టే. ఒక నిమిషం చాలు. ఇలా ఒక్కసారి మంచి మాట విన్న ఇల్లు, అక్టోబరులో మీరు కష్టమైన విషయం చెప్పినప్పుడు దానిని నమ్ముతుంది.

తల్లికి వందనం వంటి పథకాల కోసం ఆధార్ అనుసంధానం, బ్యాంకు ఖాతా పని మీద తల్లులు బడికి వస్తూనే ఉంటారు. కాగితం తీసుకుని సంతకం పెట్టించి పంపేస్తాం. ఆ వరుసలో నిలబడ్డ తల్లి, బడికి తనంతట తానుగా వచ్చిన తల్లి కూడాను. పుస్తకం తెరిచి ఆ ఒక్క వాక్యం ఆవిడకు చదివి వినిపించి పంపండి.

కబురు రాసే భాష మార్చండి

మన నోటీసులు ఇప్పటికీ ఇలా ఉంటున్నాయి: "ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, తమ విద్యార్థి యొక్క హాజరు శాతము నిర్ణీత ప్రమాణము కన్నను తక్కువగా నున్నందున తగు చర్యలు గైకొనవలసినదిగా కోరడమైనది." ఇది చదివిన తండ్రికి తనను ఎవరో హెచ్చరిస్తున్నారని మాత్రం తెలుస్తుంది. ఏం జరిగింది, తను ఏం చేయాలి అన్న రెండూ తెలియవు. అదే సంగతిని ఇలా రాయండి: "నమస్కారమండి. ఈ నెలలో మీ అబ్బాయి ఆరు రోజులు బడికి రాలేదు. ఒంట్లో బాగోలేదా, ఇంట్లో ఏమైనా పని పడిందా? గురువారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా నేను బడిలోనే ఉంటాను. రావడానికి కుదరకపోతే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, నేనే చేస్తాను." కింద మీ పేరు, నంబరు రాయండి.

ప్రతి కబురులోనూ జరిగింది ఏమిటి, మీరు ఏం కోరుతున్నారు, ఎప్పటిలోగా అన్నవి మూడూ ఉన్నాయో లేదో పంపే ముందు చూసుకోండి. ఒక కబురులో ఒక విషయమే ఉండాలి. శాతాలకు బదులు రోజులు చెప్పండి, గ్రేడులకు బదులు పిల్ల ఏం చేయగలదో చెప్పండి. "తెలుగులో బి గ్రేడు" కంటే "వత్తులు లేని మాటలు తడబడకుండా చదువుతోంది, వత్తులు వచ్చినచోట ఆగుతోంది" అన్న మాట మామ్మగారికి కూడా అర్థమవుతుంది.

చదవడం రాని ఇళ్లకు మాటల సందేశం పంపండి. అర నిమిషం దాటకుండా, తరగతిలో పాఠం చెబుతున్నట్టు కాకుండా, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు నిదానంగా చెప్పండి. మొదటి రెండు మూడు సార్లు, ముందు కాగితం మీద రాసుకుని చదివితే తడబాటు ఉండదు.

వాట్సాప్ గ్రూపుకు హద్దులు గీయండి

తరగతి గ్రూపు మంచి సాధనమే, అదుపు తప్పితే మాత్రం అంత చెడ్డది ఇంకొకటి ఉండదు. సెలవులు, పరీక్ష తేదీలు, తెచ్చుకోవలసిన వస్తువులు, రేపటి భోజనంలో ఏముందో వంటి అందరికీ చెందిన సంగతులే అందులో పెట్టండి. సందేశాలు ఉపాధ్యాయులు మాత్రమే పెట్టేలా సెట్టింగు మార్చుకోండి. లేకపోతే శుభోదయాలు, రాజకీయాలు, దేవుళ్ల పటాల కింద మీ ఒక్క సందేశం మునిగిపోతుంది. రాత్రి ఎనిమిది దాటాక ఏదీ పెట్టకండి. ఏ ఒక్క పిల్ల పేరూ, మార్కులూ, గైర్హాజరూ గ్రూపులో కనబడకూడదు. బాగా చదివే ముగ్గురి మార్కులు పెట్టి అభినందించడం కూడా మిగతా ముప్పై ఏడు ఇళ్లకు వేరే మాట చెప్పడమే. పిల్లల ఫొటోలు పెట్టాలంటే సంవత్సరం మొదట్లోనే తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి.

ఫీజులు తీసుకునే బడుల వారికి ఒక మాట. బకాయి సంగతి పెద్దవాళ్లకు విడిగా ఫోనులో చెప్పవలసినది. దాన్ని పిల్ల డైరీలో రాయడం, తరగతిలో లేచి నిలబెట్టడం పిల్లను శిక్షించడమే. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది.

స్మార్ట్ ఫోను లేని ఇళ్లు ఇప్పటికీ ప్రతి తరగతిలో ఉంటాయి. ఒకే పుంతలో, ఒకే పేటలో ఉండే నాలుగైదు ఇళ్లకు ఒక తల్లిని అడిగి, గ్రూపులో వచ్చిన మాటను మిగతావారికి నోటిమాటగా చేరవేసే ఏర్పాటు చేయండి. గుడి మైకు, చర్చి మైకు, డ్వాక్రా సంఘం సమావేశం, అంగన్‌వాడీ కేంద్రం కూడా ఊరందరికీ చెందిన కబుర్లకు పనికొస్తాయి.

కలిసి కూర్చున్నప్పుడు

సమావేశం అనగానే షామియానా, వేదిక, వరుసగా ప్రసంగాలు గుర్తుకొస్తాయి. ఒక పూట ఊరంతా కలుసుకోవడానికి అది బాగానే ఉంటుంది కాని, ఒక పిల్ల చదువు గురించి మాట్లాడడానికి వేదిక పనికిరాదు. ప్రతి ఇంటికీ పది నిమిషాల వేళ ఇచ్చి, రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేసి, మధ్యలో పిల్ల నోటుపుస్తకం పెట్టండి. మీ కుర్చీ ఎలాంటిదో వాళ్ల కుర్చీ కూడా అలాంటిదే కావాలి.

పిలుపు దగ్గర జాగ్రత్తగా ఉండండి. కారులో వచ్చిన తండ్రిని "రండి, కూర్చోండి" అని, పొలం నుంచి వచ్చిన తండ్రిని "ఏమయ్యా, ఏంటి సంగతి" అని పలకరించడం మన నోటికి తెలియకుండానే అలవాటైపోయింది. "అండి" అనకుండా మాటే పూర్తికాని జిల్లాలు మనవి. ఆ మర్యాద బడి గుమ్మం దాటిన ప్రతి మనిషికీ ఒకే తీరున అందాలి. పిల్లలు ఈ తేడాను మనకంటే ముందు గమనిస్తారు. తన తండ్రిని మాస్టారు "నువ్వు" అనడం విన్న పిల్లవాడు మర్నాడు మన పాఠం ఎలా వింటాడో ఆలోచించండి.

పది నిమిషాలలో మొదటి మూడు నిమిషాలు వాళ్లనే మాట్లాడనివ్వండి. "ఇంటి దగ్గర ఎలా ఉంటాడండీ? ఏ పని ఇష్టంగా చేస్తాడు?" అని అడిగి వినండి. తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి, సంతలో తల్లి పక్కన కూర్చుని కూరగాయల లెక్కలు కాగితం లేకుండా చెబుతుందని నాకు ఇలా వింటేనే తెలిసింది. ఆ తరవాత పుస్తకంలోని మంచి వాక్యం చెప్పండి. ఆపైన, మెరుగుపడవలసిన సంగతి ఒక్కటంటే ఒక్కటి, నోటుపుస్తకం తెరిచి వేలితో చూపించి చెప్పండి. చివరగా, ఇంట్లో చేయగలిగిన పని ఒకటి అడగండి.

ఆ పని చదువురాని తల్లి కూడా చేయగలిగినదిగా ఉండాలి. "ఇంట్లో చదివించండి" అంటే ఆవిడ ఏం చేయగలదు? దానికి బదులు, "రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ పైకి చదవమనండి, మీరు పక్కన కూర్చుని వినండి, ఎక్కడైనా ఆగితే 'మళ్లీ చదువమ్మా' అనండి చాలు" అని చెప్పండి. నోటుపుస్తకంలో ఈ రోజు తేదీ ఉందా, ఎర్ర సిరా సంతకం ఉందా అని చూడడం కూడా అక్షరం రాకుండా చేయగలిగిన పనే. ఒక తల్లి ఊడ్పుల నుంచి నేరుగా వచ్చి, గోళ్లలో బురద ఉందని పుస్తకం ముట్టుకోవడానికి సంకోచించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, కూతురు రాసిన పేజీ మీద చేత్తో నిమిరారు. ఆ పేజీలో ఏముందో ఆవిడకు చదవడం రాదు. అయినా పుస్తకం ఆవిడ చేతిలో ఉండాలి, మన చేతిలో కాదు.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆరో తరగతి పైన అయితే కూర్చోబెట్టడమే మంచిదని నా అభిప్రాయం. తన గురించి వెనక ఏం మాట్లాడుకున్నారో అన్న భయం ఉండదు. అయితే ఇంట్లో కొడతారని అనుమానం ఉన్నచోట, మొదట పెద్దలతో విడిగా మాట్లాడి, "ఈ సంగతి మీద వాణ్ని ఏమీ అనకండి, నాలుగు వారాలు నాకు వదిలేయండి" అని మాట తీసుకోండి.

మనమే ఇంటికి వెళ్లవలసి వచ్చినప్పుడు

రెండుసార్లు పిలిచినా రాని ఇంటికి మూడోసారి కబురు పంపకుండా మీరే వెళ్లండి. ముందుగా చెప్పి, ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి, వంట ముగిసే వేళకు వెళ్లి ఇరవై నిమిషాల్లో లేచిపోండి. గేటు బయట నిలబడి మాట్లాడి వచ్చేయకండి. అరుగు మీదనో, మంచం మీదనో, ప్లాస్టిక్ కుర్చీలోనో ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. ఇచ్చిన మంచినీళ్లు తాగండి. ఏ పేటలో ఎవరింట్లో మాస్టారు నీళ్లు తాగారో, ఎవరింట్లో వద్దన్నారో ఊరు తరాల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. దాహం లేదన్న మాటను అక్కడ దాహం లేకపోవడంగా ఎవరూ అనుకోరు.

ఇంటి పరిస్థితిని విచారణ చేస్తున్నట్టు ప్రశ్నలు వేయకండి. కళ్లకు కనిపించేది చాలు. దీపం ఎక్కడ ఉంది, పిల్ల ఎక్కడ కూర్చుని రాస్తుంది, చంకలో తమ్ముడున్నాడా అన్నవి చూస్తే, హోంవర్కు ఎందుకు రావడం లేదో ఒక్కోసారి అడగకుండానే తెలుస్తుంది. తిరిగివచ్చాక చూసినదాన్ని స్టాఫ్ రూములో కబుర్లుగా చెప్పకూడదు.

చదువు మాన్పించి పెళ్లి చేయబోతున్నారని తెలిసినా, పిల్ల మీద హింస జరుగుతోందని అనుమానం వచ్చినా, అది తల్లిదండ్రులతో మంచిమాటలతో సర్దుకునే పని కాదు. ప్రధానోపాధ్యాయుడికి చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి వెంటనే ఫోను చేయండి. లైంగిక హింస అయితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు తెలియజేయడం తప్పనిసరి.

వరద రోజులకు ముందే మాట్లాడుకోండి

ఏటి మధ్యనున్న లంక ఊళ్ల నుంచి పంటు పడవ మీద, కాజ్‌వే మీద వచ్చే పిల్లలున్న బడులకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టు వరదను కళ్లారా చూసిన పెద్దలు ప్రతి లంకలోనూ ఉన్నారు. నీళ్లు ఏ రేవులో ముందు ఎక్కుతాయో మనకంటే వాళ్లకు బాగా తెలుసు. జూన్ సమావేశంలోనే వాళ్లను కూర్చోబెట్టుకుని, హెచ్చరిక ఏ స్థాయికి వచ్చినప్పుడు లంక పిల్లలు బడికి రానక్కరలేదో, ఆ మాట ఉదయం ఎన్నింటికి, ఎవరి ఫోను నుంచి వస్తుందో, బడిలో ఉండగా నీరు పెరిగితే పిల్లలను ఎవరికి అప్పగించాలో, ఏటికి ఇవతల ఏ ఇంట్లో రాత్రి ఉంచాలో పేర్లతో సహా రాసుకోండి. ఆ కాగితం నకలు ఒకటి రేవు దగ్గర టీ దుకాణంలో కూడా అంటించండి. వరద రోజుల గైర్హాజరును మామూలు గైర్హాజరులా లెక్కవేసి తరవాత ఆ ఇళ్లను నిలదీయవద్దు. నీరు తీశాక మొదటి ఫోను పాఠాల గురించి కాకుండా ఇంటి గురించి చేయండి. పుస్తకాలు తడిశాయా అన్నది ఆ తరవాత అడగవచ్చు.

వాళ్ల మాట బడికి చేరే దారి వేయండి

ఇంతవరకూ చెప్పినవి ఎక్కువగా మన నుంచి వాళ్లకు వెళ్లే మాటలు. వాళ్ల నుంచి మనకు వచ్చే దారి లేకపోతే ఇదంతా సగం పనే. విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం వాళ్ల పని. సంతకాల పుస్తకాన్ని ఇళ్లకు తిప్పి సమావేశం జరిగిందనిపించుకునే అలవాటు మీ బడిలో ఉంటే, దాన్ని ఆపడమే మొదటి పని. కమిటీ సమావేశంలో కనీసం ఒక నిర్ణయం తల్లులకే వదలండి. మరుగుదొడ్ల శుభ్రతతో మొదలుపెట్టవచ్చు. ఆడపిల్లల తల్లులు దాని మీద మాట్లాడడం మొదలుపెడితే, మనకు తెలియని సంగతులు బయటపడతాయి.

మధ్యాహ్న భోజనం కూడా అంతే. మన రాష్ట్రంలో ఆ పథకానికి, ఆకలితో వచ్చినవారికి వేళ చూడకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ నడిచిన నేల మీద ఉన్న బడుల్లో అన్నం గురించి ఫిర్యాదు వస్తే చిన్నబుచ్చుకోకూడదు. వారానికి ఇద్దరు తల్లులు వంతున వచ్చి పిల్లలతో కూర్చుని తిని, ఎలా ఉందో పుస్తకంలో రాసేలా, లేదా రాయించేలా ఏర్పాటు చేయండి.

ఏ ఫిర్యాదు వచ్చినా, అది మీ మీదే అయినా, మొదట పూర్తిగా వినండి. తేదీ వేసి రాసుకుని, ఏ రోజుకు జవాబు చెబుతారో అప్పుడే చెప్పండి, ఆ రోజుకు చెప్పండి. పని కాకపోతే ఎందుకు కాలేదో చెప్పండి. కోపంతో వచ్చిన తండ్రి, తన మాటను మాస్టారు కాగితం మీద పెట్టడం చూసి గొంతు తగ్గించడం నేను చాలాసార్లు చూశాను. తప్పు మనదైతే, "పొరపాటు మాదేనండి" అనండి. కొబ్బరి దింపు పని చేసే ఆ తండ్రి దగ్గర నేను ఆ మాట అనడానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లవలసి వచ్చింది. మొదటిసారి నోరు రాలేదు. రెండోసారి చెప్పాను, వాళ్లబ్బాయి వలిచిన కాయల లెక్క ఒక్కటి కూడా తప్పలేదని గమనించానని కూడా చెప్పాను. సోమవారం పిల్లవాడు బడికి వచ్చాడు.

పుస్తకాన్ని చేతులు మార్చండి

ఏప్రిల్‌లో మార్కుల జాబితాలు, రికార్డులు పై తరగతికి వెళతాయి, ఇంటి పుస్తకం మాత్రం మన సంచిలోనే ఉండిపోతుంది. ఐదో తరగతి నుంచి హైస్కూలుకు వెళ్లే పిల్లల విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువ. ఐదేళ్లు కట్టుకున్న నమ్మకం ఒక్క వేసవిలో చెదిరిపోతుంది. అందుచేత చివరి పనిదినానికి ముందు, కొత్త తరగతి ఉపాధ్యాయుడితో గంటసేపు కూర్చుని పేజీ పేజీ తిప్పండి. ఏ ఇంటికి ఏ వేళకు ఫోను చేయాలో, ఎవరికి మాటల సందేశం పంపాలో, ఎవరి తల్లి గల్ఫులో ఉందో, ఎవరితో ఏ విషయం ఇంకా తేలకుండా ఉందో చెప్పండి. కుటుంబం గోప్యంగా ఉంచమన్న సంగతి ఏదైనా ఉంటే, వాళ్లను అడిగిన తరవాతే చెప్పండి. పిల్ల వేరే ఊరి హైస్కూల్లో చేరితే, ఆ ఒక్క పేజీని తిరగరాసి కవరులో పెట్టి అక్కడి ప్రధానోపాధ్యాయుడికి అందజేయండి. ఆ పేజీ పైభాగంలో, నంబర్ల కంటే ముందు, జులైలో మీరు రాసిన మంచి వాక్యాన్ని రాయండి.